పద్నాలుగు జతల ఎడ్లు, ఇరవై ఖాళీ పీపాలు

ప్వెర్తో మోంత్,
1 ఫిబ్రవరి 1984, బుధవారం

పూజ్యులైన అత్తగారు దొమితిలా గారికి,

అల్లుడు ఎవారిస్తో నమస్కరించి రాసుకునే మనవి. నేనిక్కడ క్షేమం. వాన కూడా క్షేమంగానే కురుస్తోంది. ఉత్తరాది ఎడారి ఊళ్ళో పుట్టినవాణ్ణి, ఏడాదైనా దీనికి అలవాటు పడలేకపోతున్నాను.

అసలు సంగతికొస్తాను. నెలలు నిండుతున్న నీవెస్‌కి రక్తపోటు ఎక్కువగా ఉందనీ, నెలాఖరులోగా పెద్దాసుపత్రి ఉన్న ఊళ్ళో ఉండి తీరాలనీ అక్కడి నర్సు రాసి పంపింది. మీ దీవిలో ఉండగా నొప్పులొచ్చి, ఆ రోజు సముద్రం బాగోకపోతే? ఆ మాట తల్చుకుంటే నాకు తిండి సయించడం లేదు. అందుకని మీరిద్దరూ ఇక్కడికి తరలిరావడానికి లెక్క వేశాను.

నా దగ్గరున్నది మొత్తం ముప్పై రెండు వేల పెసోలు. అందులో పన్నెండు వేలు ఆసుపత్రికి, ముట్టుకునేది లేదు. లాంచీకి మూడు వేలు. చేపల వీధిలో ఒకావిడ మేడ మీద రెండు గదులు చూశాను, నెలకు రెండున్నర వేలు, రెండు నెలల అడ్వాన్సు. గదులు ఇరుకు కనుక మూడు పెట్టెలకు మించి సామాను వద్దు. ఇనప పొయ్యి, పెద్ద బీరువా, మంచాలు అక్కడే ఎవరికైనా అమ్మేయండి. పింగాణీ గడ్డిలో చుట్టి సర్దండి.

మా గోదాము గుమస్తాల సంఘం నాకిచ్చిన స్థలం సముద్రం ఒడ్డున ఖాళీగానే పడి ఉంది. దేవుడు చల్లగా చూస్తే ఐదారేళ్ళలో అక్కడ మనకో ఇల్లు లేస్తుంది. అంతవరకూ అద్దె గదులే గతి.

ఇట్లు,
మీ విధేయుడు
ఎవారిస్తో

తా.క. పిల్లిని తేకూడదని ఇంటావిడ షరతు.


అల్వేకో దీవి,
4 ఫిబ్రవరి, శనివారం

చిరంజీవి అల్లుడుగారికి,

దొమితిలా నిండు మనసుతో దీవించి రాయడం. మీ లెక్కల కాగితం చూసి నీవెస్ మురిసిపోయింది, ఎంత గుండ్రటి చేతిరాతో అని. నేను మూడుసార్లు చదివాను. అందులో అక్కర్లేనివన్నీ ఉన్నాయి, కావలసింది ఒక్కటీ లేదు.

ఖాళీ స్థలం ఉందన్నారు కదా, ఇక అద్దె గదులెందుకు, ఐదారేళ్ళు ఆగడమెందుకు? ముందు నేనడిగేవాటికి జవాబివ్వండి. ఆ స్థలం మిట్టా, పల్లమా? పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి? ఒడ్డున ఇసకా, రాళ్ళా? అక్కడ ఎడ్లు దొరుకుతాయా?

ఇక్కడి లెక్క నేను చెప్తా, రాసుకోండి. పద్నాలుగు జతల ఎడ్లు. ఇరవై ఖాళీ పీపాలు. మూడు లాంచీలు. రెండు వందల బారల మోకు. రెండు గొర్రెలు, ఆరు బస్తాల బంగాళాదుంపలు, మూడు పీపాల ఆపిల్ చీచా, ఎందుకంటే ఎనభై మంది తినాలి, తాగాలి. వీటిలో డబ్బిచ్చి కొనాల్సింది మోకూ, లాంచీలకు డీజిలూ మాత్రమే. తొమ్మిది వేలు పంపండి. మిగతాదంతా నేను చూసుకుంటా. పెద్ద పోటు పంతొమ్మిదో తారీఖు, ఆదివారం. ఆ రోజే ప్రయాణం.

ఇట్లు,
మీ అత్త
దొమితిలా

తా.క. పొయ్యి అమ్మమన్నారు. ఆ వానకి మీ బుర్రలో నీళ్ళు చేరాయేమో, తల బాగా తుడుచుకోండి. పిల్లి వస్తుంది.


ప్వెర్తో మోంత్,
8 ఫిబ్రవరి, బుధవారం

అత్తగారికి వేయి దండాలు.

మీ ఉత్తరం చదివి కాసేపు గోదాములో ఉప్పు బస్తా మీద కూలబడిపోయాను. ఎనభై మందికి భోజనాలా? మీరు ఊరు వదిలి వెళ్ళేటప్పుడు నలుగుర్నీ పిలిచి ఒక ముద్ద పెట్టాలనుకోవడం న్యాయమే. కానీ నలుగురంటే నలుగురే అనుకున్నాను. నీవెస్‌కి కావలసింది విశ్రాంతి, విందు కాదు.

పద్నాలుగు జతల ఎడ్ల సంగతి నాకు అంతుపట్టలేదు. మీ బీరువా ఎంత పెద్దదైనా రెండెడ్ల బండిలో పట్టదా? మూడు పెట్టెలకు మూడు లాంచీలా? పెట్టెకో లాంచీ అన్నమాట! దయచేసి నా మాట వినండి. మూడు వేలు పంపుతున్నాను. ఒక లాంచీ మాట్లాడుకుని, సముద్రం నిమ్మళంగా ఉన్న రోజు చూసి, పెట్టెలతో రండి.

గదులకు ఐదు వేలు అడ్వాన్సు కట్టేశాను, రసీదు కూడా ఉంది. ఇంటావిడ మంచిదే. గోడకి మేకు కొట్టకూడదు, తొమ్మిది దాటాక దగ్గకూడదు అంటుంది, అంతే.

మీ విధేయుడు,
ఎవారిస్తో

తా.క. ఇరవై పీపాలు, అదీ ఖాళీవి! నిండువి తెచ్చేవాళ్ళని చూశాను. ఖాళీవి మోసుకొచ్చేవాళ్ళని నా సర్వీసులో చూడలేదు.


అల్వేకో,
11 ఫిబ్రవరి, శనివారం

అల్లుడుగారికి,

దీవెనలు ఎప్పటిలాగే. మనసు మాత్రం ఎప్పటిలా లేదు.

చేపల వీధిలో దగ్గడానికి కూడా పర్మిషన్ కావాల్సిన గదులు మీకు నచ్చాయి. మా ఆయన చేతులతో కట్టిన ఇల్లు మీ కంటికి ఆనలేదు. దేవదారు చెక్క, అత్తయినా అల్లుడైనా ఎంత దగ్గినా కదలని గోడలు. నేను పెళ్ళయి కాపురానికొచ్చినప్పుడు ఈ ఇల్లు అవతలి దీవిలో ఉండేది. మా అత్తగారు కాదంటుందేమోనని ఆయన భయపడ్డాడు గానీ, ఆవిడే ముందుండి తాడు పట్టుకుంది. అలాంటి కుటుంబం మాది. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

భోజనాలు తగ్గించమన్నారు. ఎలా తగ్గిస్తాను? ఇరవై మూడు గడపలు నేనే స్వయంగా ఎక్కి, ప్రతి గడపలోనూ ఒక కప్పు మాతే కషాయం తాగి, అందర్నీ పేరుపేరునా బతిమాలి వచ్చాను. మా దగ్గర అలా అడిగితే కాదనేవాడుండడు, అడిగాక వద్దనేవాడూ ఉండడు. ఇక్కడ ఏదీ ఆగేది కాదు. ఫాదరొచ్చి మంత్రజలం చల్లి వెళ్ళాడు. కిటికీలు ఊడదీశాం. పొగగొట్టం దించాం. మీ మూడు వేలు డీజిలుకి సరిపోయాయి, మోకు మాత్రం మీ పేరున అరువు తెచ్చాను.

ఒక్క ప్రశ్నకైనా జవాబివ్వండి బాబూ. మిట్టా, పల్లమా?

దొమితిలా

తా.క. ఏవండీ, నేను నీవెస్‌ని. కాళ్ళు బూరెల్లా పొంగాయి, అంతే, కంగారుపడకండి. నేను గిన్నెలు సర్దబోతే, సర్దడానికేముంది, బీరువా తలుపులకి ఓ తాడు కట్టు చాలు అంది అమ్మ. నిజమే కదా. మీరు అమ్మకి కొంచెం తీపిగా రాయండి. కిటికీల్లేక ఇల్లంతా గాలి.


ప్వెర్తో మోంత్,
15 ఫిబ్రవరి, బుధవారం

అత్తగారికి,

నమస్కారం పెట్టే ఓపిక లేదు, పెట్టాననుకోండి.

నిండు గర్భిణి ఉన్న ఇంటికి కిటికీలు ఊడదీశారా! ఒక్క పళ్ళెం కూడా సర్దలేదా! ఇప్పుడు నాకన్నీ అర్థమయ్యాయి. మీకు రావడం ఇష్టం లేదు. నీవెస్‌ని పంపడం అసలే ఇష్టం లేదు. కిటికీలమ్మి, పొగగొట్టమమ్మి, ఆ డబ్బుతో దీవి మొత్తానికి విందు చేస్తారు. పంతొమ్మిది వస్తుంది, వెళ్తుంది. అవతలి దీవిలో ఇల్లు అంటూ మీరు రాసినది చదివి నాకు మీ ఆరోగ్యం మీద కూడా బెంగ పట్టుకుంది. ఇల్లు ఒకచోటే ఉంటుంది అత్తగారూ. మనుషులే అటూ ఇటూ తిరుగుతారు.

నిన్న మోకుల దుకాణం నుంచి నా పేరున ఆరు వేలకు బిల్లొచ్చింది. రెండు వందల బారలు! మూడు పెట్టెలు కట్టడానికి!

ఇక మీ మీద పెట్టుకుంటే లాభం లేదని నేనే బయల్దేరుతున్నాను. ఇక్కడి ఆసుపత్రి నర్సుని వెంటబెట్టుకుని మంగళవారం ప్రత్యేకం లాంచీలో వస్తాను. లాంచీకీ నర్సుకీ కలిపి ఇరవై ఐదు వేలవుతుందట. ఆసుపత్రి డబ్బు పోను నా దగ్గర మిగిలింది ఆరు వేలు. అందుకని ఒడ్డున స్థలం అమ్మేస్తున్నాను. చేపల వ్యాపారి ప్లాసిదో గారు తొంభై ఐదు వేలకి బేరం కుదుర్చుకుని పదిహేను వేలు బయానా ఇచ్చాడు. సోమవారం పొద్దున్నే రిజిస్ట్రారు ముందు సంతకాలు. ఇల్లు కట్టుకోవాలన్న ఆశ వదులుకుంటున్నాను. నా పెళ్ళాం, బిడ్డ నాకు ప్రాణాలతో దక్కితే చాలు.

ఎవారిస్తో

తా.క. అది మిట్టో పల్లమో ఇక ప్లాసిదో గారి తలనొప్పి.


అల్వేకో, సముద్రం ఒడ్డు,
18 ఫిబ్రవరి, శనివారం

అల్లుడా!

మీ ఉత్తరం బుధవారం సాయంత్రం అందింది. ఎద్దులు అప్పటికే ఇంటిని పునాది మీదనుంచి దించి దుంగల మీద సగం దారి లాక్కొచ్చాయి. ఇవాళ్టి దాకా మళ్ళీ టపా లాంచీ లేదు. ఈ మూడు రోజులూ నేనెలా ఉన్నానో ఆ మేరీమాతకే తెలుసు.

మీకు తెలుసనుకున్నాను. మీ పెళ్ళికి ముందు నీవెస్ మీకు చెప్పిందట కదా, మా ఇల్లు సముద్రం దాటొచ్చిందని. కబుర్లు చెప్తోందనుకుని మీరు పగలబడి నవ్వారట. మా దీవుల్లో మనిషి ఊరు మారితే ఇల్లు ఎవరికొదిలేస్తాడు? వెంట తీసుకుపోతాడు. చెక్క ఇల్లు, దుంగల మీద ఒడ్డుకి లాగుతాం, చుట్టూ ఖాళీ పీపాలు కడతాం, పోటుకి అదే తేలుతుంది, లాంచీలు లాక్కుపోతాయి. ఇందులో అర్థం కానిదేముంది? మీ లెక్కలో పెట్టెలున్నాయి గానీ ఇల్లు లేకపోతే, అల్లుడుగారు మరిచిపోయారేమో అనుకున్నాను.

ఇప్పుడు ఇల్లు ఒడ్డున కూర్చుని ఉంది. అది ఉన్నచోట నాలుగు పునాది రాళ్ళు, కాస్త ఎండిన గడ్డి మాత్రం మిగిలాయి. వెనక్కి లాగడం ఎవరి తరమూ కాదు. రేపు తెల్లవారుజామున రెండింటి పోటుకి తేలుతుంది, మధ్యాహ్నం రెండు గంటల పోటుకి మీ ఒడ్డుకి చేరుతుంది. ఆ గంట దాటితే నీళ్ళు వెనక్కి తీస్తాయి, ఇల్లు బురదలో ఒరిగి రెండు ముక్కలవుతుంది. నీవెస్‌ని ముందు లాంచీలో పడుకోబెట్టి తెస్తున్నాం. మంత్రసాని తెయోలిందా పక్కనే ఉంటుంది.

స్థలం అమ్మేస్తే మా ఆయన కట్టిన ఇల్లు ఎక్కడ దించను, మీ నెత్తి మీదా? సంతకం పెట్టకండి! దొరికినవాళ్ళందర్నీ తీసుకుని రెండింటికల్లా ఒడ్డుకి రండి.

దొమితిలా

తా.క. పిల్లి అటక ఎక్కి కూర్చుంది, దిగనంటోంది. అదీ ఇంటితోనే వస్తోంది.


ప్వెర్తో మోంత్, మన ఇంట్లోనుంచి,
29 ఫిబ్రవరి, బుధవారం

అత్తగారి పాదాలకు వేయి నమస్కారాలు.

ఇన్ని రాసినా చాలవు. ఇల్లు దిగిన మర్నాడే, సోమవారం పొద్దున నేను లేచేసరికి మీరు లాంచీ ఎక్కి వెళ్ళిపోయారు. ఒక మాటైనా చెప్పలేదు. ఆసుపత్రి నుంచి తీరిక దొరికింది ఇవాళే. ఆ ఆదివారం హడావిడిలో మీకు చెప్పడానికి కుదరనిదంతా రాస్తున్నాను.

మీ ఉత్తరం టపా లాంచీ సరంగు ఆదివారం పూజ అయ్యాక నా చేతిలో పెట్టాడు. చదివి, గుడి మెట్ల మీదనుంచే ప్లాసిదో ఇంటికి పరిగెత్తాను. ఆయన చేపల పులుసు ముందు కూర్చుని ఉన్నాడు.

"బేరం రద్దు చేసుకుందాం ప్లాసిదో గారూ, మీ బయానా మీకిచ్చేస్తాను," అన్నాను.

"ఇచ్చేయి నాయనా. వెనక్కి తగ్గినవాడు రెట్టింపు ఇవ్వాలని కాగితంలో నువ్వే రాశావుగా, ఎంత గుండ్రంగా రాశావో! ముప్పై వేలు తే," అన్నాడు, ముల్లు తీసుకుంటూ.

"మా అత్తగారి ఇల్లు వస్తోందండీ."

"మీ అత్తగారొస్తే నాకేం?"

"అత్తగారు కాదు, ఇల్లు!"

ఆయన చెంచా కింద పెట్టి నాకేసి చూశాడు. నేను ముప్పై వేలు ఎక్కడ తేను? ఆసుపత్రి డబ్బు తీస్తే గానీ చాలదు, అది ముట్టుకునేది లేదు. మొదటిసారిగా నా లెక్క ఏ వైపునుంచి చూసినా కుదరలేదు. గోదాము హమాలీల్ని, దుంగల బండి వాళ్ళ మూడు జతల ఎడ్లని ఒడ్డుకి తోలుకుపోయాను. వాళ్ళకి నేను చెప్పిందల్లా, "ఏదో వస్తోంది, లాగాలి" అని.

ఒంటిగంటన్నరకి మలుపు తిరిగి అది కనబడింది. కిటికీల దాకా నీళ్ళలో మునిగి, పైకప్పు ఊగుతూ, మూడు లాంచీల వెనక నింపాదిగా వస్తున్న ఇల్లు. అటక కన్నంలోంచి పిల్లి చూస్తోంది. అత్తగారూ, నేను ఏడ్చాను. భయంతో కొంత, సిగ్గుతో కొంత. ఇల్లు ఒకచోటే ఉంటుందని మీకు రాసింది నేనే కదా.

ముందు లాంచీ ఆగగానే నీవెస్‌ని బల్ల మీద దించి ఆసుపత్రి బండి ఎక్కించాం. "వెళ్ళి తాడు పట్టండి, నాకేం కాదు," అంది. ఆ తరవాత జరిగింది మీరూ చూశారు. ఇల్లు ఒడ్డు తాకి ఆగిపోయింది. ఎడ్ల గిట్టలు జారుతున్నాయి. నీళ్ళు వెనక్కి తీయడం మొదలెట్టాయి. గోడ ఒకటి కిర్రుమంది. మీరు గుమ్మంలో నిలబడి అరుస్తున్నారు. నా ముందు తాడు మీద ఒక బట్టతల కనబడింది, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు మెడలో వేలాడేసుకుని. "అందరూ ఒక్కసారే! ఊపిరి బిగబట్టి!" అని ఆ తలే కేకేసింది. ఇల్లు కదిలింది.

స్థలంలో ఇల్లు నిలబడ్డాక చూస్తే ఆ బట్టతల ప్లాసిదోది.

"మీరా?" అన్నాను.

"నేనూ దీవుల్లో పుట్టినవాణ్ణేనోయ్. కళ్ళ ముందు తాడు బిగుస్తుంటే చేతులు కట్టుకుని ఎలా నిలబడను? ఇప్పుడు చూడు నా ఖర్మ. నా చేత్తో లాగి దింపిన ఇంటిని ఏ మొహం పెట్టుకుని తీయించేయమనను? నా పదిహేను వేలు నాకు పడెయ్యి," అన్నాడు. పడేశాను. రెండు పళ్ళేల మాంసం తిని వెళ్ళాడు.

గురువారం పొద్దున ఆడపిల్ల పుట్టింది, మూడు కిలోల రెండు వందల గ్రాములు. నీవెస్ రక్తపోటు ఆ ముందు రోజు బాగా పెరిగిందట. ఇంకో వారం దీవిలోనే ఉండుంటే అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు. ఇద్దరూ ఇంటికొచ్చారు. మీరు వెలిగించి వెళ్ళిన పొయ్యి ఆరనివ్వలేదు. బీరువాలో అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క కప్పు పగిలింది, అదీ నా చేతిలోనే.

లెక్క కూడా చెప్పాలి. డీజిలు మూడు వేలు, మోకు ఆరు వేలు, ఇంటావిడ తిరిగివ్వని అడ్వాన్సు ఐదు వేలు, ఆసుపత్రికి తొమ్మిది వేల నాలుగు వందలు. మొత్తం ఇరవై మూడు వేల నాలుగు వందలు. ఎనిమిది వేల ఆరు వందలు మిగిలింది! ఇంత చవగ్గా ఊరు మారినవాడు మా గోదాములో లేడు.

కానీ మీరెందుకు వెళ్ళిపోయారు? మీ మీద అనుమానపడ్డానని కోపమా? మీ గది అలాగే ఉంది. మనవరాలిని చూడ్డానికైనా రండి.

మీ తప్పు చేసిన అల్లుడు,
ఎవారిస్తో

తా.క. స్థలం కొంచెం మిట్టే. ముందే చెప్పి ఉండాల్సింది.


అల్వేకో, తెయోలిందా ఇంట్లోనుంచి,
3 మార్చి, శనివారం

నా బంగారు అల్లుడుగారికి,

అమ్మమ్మ అయిన దొమితిలా మిమ్మల్నీ, నీవెస్‌నీ, ఆ మూడు కిలోల మహారాణినీ దీవించి రాయడం.

కోపమేమీ లేదు. చెప్పకుండా వచ్చేశానంటే, మీరు ఉండమంటే ఉండిపోతానని భయపడే. ఇక్కడికొచ్చి ఆ నాలుగు పునాది రాళ్ళు చూశాను. బాగా ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కున్నాను. నేను ఉండడానికి లేదు బాబూ, ఎందుకో చెప్తా వినండి.

మీ లెక్క చూసి తెయోలిందా, నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. ఎనిమిది వేల ఆరు వందలు మిగిలిందా! ఎనభై మంది మూడు రోజులు ఎందుకు లాగారనుకున్నారు, రెండు గొర్రెల కోసమా? మా దగ్గర ఇల్లు లాగినవాడికి డబ్బివ్వం, ఇస్తే మొహం మీద కొడతాడు. పనికి పనే బదులివ్వాలి. మనిషికో రోజన్నారు. నేను బతిమాలి ఇంటికో రోజుకి దించాను. ఇరవై మూడు ఇళ్ళు, ఇరవై మూడు రోజులు. ఇల్లు మీ స్థలంలో ఉంది కనుక ఆ రోజులు మీవి. ఆ ఇరవై మూడు గడపల్లోనూ మీ పేరే చెప్పాను. "మా అల్లుడు గుమస్తా, ఒక్క రోజు కూడా ఎగ్గొట్టడు, అన్నీ రాసుకుంటాడు" అన్నాను. నమ్మారు. అయినా ఉత్తరాదివాడు కదా అని జామీను అడిగారు. ఆ జామీను నేనే, పని తీరేదాకా ఇక్కడే ఉంటానని మాటిచ్చాను. మీ ఆఖరి రోజు పని తీరినప్పుడే నేను మనవరాలిని ఎత్తుకునేది.

కాబట్టి తొందరపడండి. బంగాళాదుంపల తవ్వకం పదకొండో తారీఖు ఆదివారం మొదలు. తవ్వేటప్పుడు నడుం పట్టేయకుండా బెల్టు తెచ్చుకుని లాంచీలో రండి. ప్లాసిదో కూడా లాగాడు కనుక ఆయనకీ ఒక రోజు బాకీ, దాంతో ఇరవై నాలుగు. చేపలు తోమడానికి కబురు పెడతానన్నాడు. ఆదివారానికొకటి చొప్పున లెక్క వేయండి, ఆ గుండ్రటి చేతిరాతతో. ఆగస్టులో నాకు ఆ పొయ్యి పక్కన కుర్చీ వేసి ఉంచండి. పొయ్యి మాత్రం ఆరనివ్వకండి.

ఇట్లు,
మీ జామీనుదారు, మీ అత్త
దొమితిలా

తా.క. మీ స్థలం పక్కనే ఇంకో ఖాళీ స్థలం ఉందట కదా. అది మిట్టా, పల్లమా? తెయోలిందా కనుక్కోమంది. పీపాలు పారేయకండి.